గడప ముందు దిగిన విమానం



సెలవులు అనగానే మన పల్లె కుటుంబాలలో ముందుగా పుట్టే ప్రశ్న "ఎక్కడికి?" అన్నది కాదు, "ఎలా?" అన్నది. ముసలివారు అంతసేపు బస్సులో కూర్చోగలరా, పిల్లలకు వాంతులవుతాయా, రైలు ఏ వేళకు దింపుతుంది, దిగిన తరువాత ఆటో దొరుకుతుందా అని లెక్కలు వేసుకునే సరికే సెలవుల్లో రెండు రోజులు గడిచిపోతాయి. మొన్నమొన్నటి దాకా ఈ లెక్కలలో విమానం అన్న మాటే లేదు. విమానమంటే గల్ఫుకు పోయేవారిది, అమెరికాలో బిడ్డలున్నవారిది, పెద్ద పెద్ద నాయకులది. మనం మాత్రం పొలంలో పని ఆపి, చెయ్యి అడ్డం పెట్టుకొని, పైకి చూసేవాళ్లం.

నేటి దినాలలో ఆ మాట మన ఇళ్లలో కూడా వినబడుతోంది. అందుకు కారణం పెద్ద పట్టణాల విమానాశ్రయాలు కావు. కడప, రాజమండ్రి దగ్గర మధురపూడి, కర్నూలు దగ్గర ఓర్వకల్లు వంటి చిన్న విమానాశ్రయాలు. వాటిలో దిగి సెలవులు గడపడంలో ఒక ప్రత్యేకమైన సుఖముంది. ఆ సుఖం వెనుక ఖర్చు కూడా ఉంది. రెండింటినీ గురించి నాకు తెలిసినంత మీతో పంచుకుంటాను.

అక్కాచెల్లెళ్లు

మా అమ్మకు డెబ్బై నాలుగేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆమెకు ఉన్నది ఒక్కతే చెల్లెలు. మా పిన్ని వయసులో ఉండగానే నర్సు పని నేర్చుకొని, కడప జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో చేరి, పెళ్లి చేసుకొని ఆ ప్రాంతంలోనే ఉండిపోయింది. మేము కృష్ణా జిల్లావాళ్లం. ఇద్దరి మధ్య ఒక రాత్రి రైలు ప్రయాణం. కాళ్లు బాగున్నంత కాలం అమ్మకు అది ఒక దూరమే కాదు. ఆవకాయ జాడీ ఒక చేత్తో, గుడ్డసంచి ఇంకో చేత్తో పట్టుకొని వెళ్లి వచ్చేది. తరువాత తరువాత ప్లాట్‌ఫారం వంతెన మెట్లు ఎక్కలేక, రైలు పెట్టె మెట్టు అందుకోలేక, రాత్రివేళ కదిలే రైలులో లేచి నడవలేక మానుకుంది. అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని ఆరేళ్లయింది. ఫోనులో మాట్లాడుకున్నప్పుడల్లా చివరి మాట ఒక్కటే: "ఇక మనం చూసుకునేది పైనేలేవే."

2023 దసరా సెలవుల్లో మా చిన్నమ్మాయి ఒక సంగతి కనిపెట్టి వచ్చింది. గన్నవరం నుంచి కడపకు విమానముందట, గంట ప్రయాణమట. గన్నవరం మాకు బస్సు దూరమే. కాని ఐదుగురికి విమానం టికెట్లంటే మా జీతానికి మించిన మాట. చివరకు నేను, అమ్మ, చిన్నమ్మాయి విమానంలోను, నా భార్య, అబ్బాయి ముందురోజు రాత్రి తిరుమల ఎక్స్‌ప్రెస్‌లోను వెళ్లేటట్లు ఏర్పాటు చేసుకున్నాం. అమ్మ టికెట్టుకు మా ఇంటావిడ చీటీ పాట డబ్బు ఇచ్చింది. "అయ్యగారూ, మీ అమ్మగారి మోకాళ్లకు మందులకని ఇంతకంటే ఎక్కువే పోశాం, ఇది కూడా ఒక మందే అనుకోండి" అని నవ్వింది.

నడిచి ఎక్కే విమానం

పెద్ద విమానాశ్రయంలో విమానం ఎక్కడమంటే ఒక పొడవాటి గొట్టంలో నుంచి నడిచి వెళ్లి ఒక గదిలో కూర్చోవడం వంటిది. విమానం ఎలా ఉంటుందో పూర్తిగా కంటికి కనబడదు. కడపకు వెళ్లే విమానం అలా కాదు. అది ఏటీఆర్ అనే రకం. ఫ్రాన్సు, ఇటలీ దేశాల సంస్థలు కలిసి 1981లో మొదలుపెట్టిన కంపెనీ చేస్తున్న విమానమిది. డెబ్బై ఎనిమిది మంది వరకు పడతారు. నడవకు ఇటు రెండు, అటు రెండు సీట్లు. రెండు రెక్కలకూ రెండు పంకాలు బయటకు కనబడుతూ తిరుగుతాయి. గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగం. జెట్ విమానాలకంటే నెమ్మది. అయితే దగ్గరి ఊళ్ల మధ్య జెట్ కంటే తక్కువ ఇంధనంతో నడుస్తుంది, పొట్టి రన్‌వే మీద కూడా దిగగలదు. చిన్న ఊళ్లకు వచ్చే విమానాలు ఎక్కువగా ఈ రకానివే కావడానికి కారణం ఇదే.

ఎక్కే ద్వారం తోక వైపున ఉంటుంది. నేలకు దగ్గరగా ఉంటుంది గనుక పెద్ద నిచ్చెన అక్కరలేదు. అమ్మ వీల్‌చెయిర్ దిగి, రెయిలింగు పట్టుకొని, ఆ నాలుగైదు మెట్లూ తానే ఎక్కింది. ఎక్కి వెనక్కి తిరిగి, "మన చావిడి అరుగంత కూడా లేదురా" అంది. ఆ మాటలో ఆమెకు కలిగిన ధైర్యం నాకు తెలిసింది. ముసలివారిని భయపెట్టేది ఎత్తున ఎగరడం కాదు. ఎంత దూరం నడవాలో, ఎన్ని మెట్లు ఎక్కాలో తెలియకపోవడమే.

రెక్కలు కిటికీలకు పైన ఉండటం చేత కింద నేలంతా అడ్డం లేకుండా కనబడుతుంది. జెట్ విమానం ఎగిరేటంత ఎత్తున కూడా ఇది ఎగరదు. కృష్ణ నీళ్లు ఎండకు మెరవడం, గుంటూరు వైపు పొలాలు చతురస్రాలుగా పరచుకొని ఉండడం, ఆ తరువాత పచ్చదనం తగ్గి కొండలు మొదలవడం, ఎర్రనేల రావడం అన్నీ మా చిన్నమ్మాయి ఒక్కొక్కటిగా నానమ్మకు చూపించింది. భూగోళ పుస్తకంలో చదివిన రాష్ట్రం దాని కళ్లకు ఒకే గంటలో కనబడింది. నాకు కూడా ఒక సంగతి అర్థమైంది. కోస్తా, రాయలసీమ అని మనం వేరువేరుగా చెప్పుకునే చోట నేల మీద గీత ఏమీ లేదు. పచ్చ నెమ్మదిగా ఎరుపులో కలుస్తుంది, అంతే.

దిగిన చోటే ఊరు

కడప అన్న పేరు గడప అన్న మాట నుంచి వచ్చిందని చెబుతారు. తిరుమలకు వెళ్లే యాత్రికులకు ఈ ఊరు గడపగా ఉండేదట. ఆ విమానాశ్రయం కూడా గడపలాగే ఉంది. విమానం ఆగిన చోటి నుంచి భవనం దాకా నడక కొద్దిపాటిది. సామాను వచ్చే చోటు ఒక్కటే గనుక వెతుక్కోవలసిన పని లేదు. బయటికి వచ్చే వారిని చూడటానికి నిలబడ్డవారు ఇరవై, ముప్పై మందికి మించి లేరు. అందులో మనవాళ్ల ముఖం వెంటనే కనబడుతుంది. మా పిన్ని కొడుకు కంచె అవతలి నుంచే చెయ్యెత్తి, "ఏం పెద్దమ్మా, బాగుండావా?" అని కేక వేశాడు. విమానం దిగిన పావుగంటకు మేము వాడి జీపులో ఉన్నాం.

చిన్న విమానాశ్రయాలలో ఉన్న ఆకర్షణ అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పెద్ద పట్టణంలో దిగితే, మనం వెళ్లవలసిన ఊరు అక్కడి నుంచి ఇంకా ఒక రోజు దూరం. బెంగుళూరులో దిగినా, హైదరాబాదులో దిగినా అద్దాల గోడలు, అంగళ్లు, వరుసలు ఒకేలా ఉంటాయి. ఏ ఊరికి వచ్చామో బోర్డు చూసి తెలుసుకోవాలి. చిన్నచోట తలుపు తీయగానే ఆ ఊరి ఎండ, ఆ ఊరి గాలి, ఆ ఊరి మాట తగులుతాయి. సెలవు అక్కడికక్కడే మొదలవుతుంది.

అక్కాచెల్లెళ్లు కలుసుకున్నప్పుడు ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. పిన్ని అమ్మను గుమ్మంలోనే ఆపి, పై నుంచి కింది దాకా చూసి, "నువ్వు ముసలిదానివైపోయినావే అక్కా" అంది. అమ్మ, "అద్దం చూసుకోవే" అంది. ఆ తరువాత నాలుగు రోజులు వారిద్దరి మంచాలూ పక్కపక్కనే. రాత్రి రెండింటికి కూడా మాటలు వినబడుతూనే ఉన్నాయి.

మిగిలిన మేమంతా ఆ నాలుగు రోజుల్లో చుట్టుపక్కల చూశాం. జమ్మలమడుగుకు పదిహేను కిలోమీటర్ల దూరంలో గండికోట. ఎర్రమల కొండలను పెన్నా నది నిలువునా కోసుకొంటూ వెళ్లిన లోయ అంచున కోట కట్టారు. కోట లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, పాత ధాన్యాగారం ఉన్నాయి. లోయ అంచున కంచె లేని చోట్లు ఉన్నాయి, పిల్లల చెయ్యి వదలవద్దు. మరునాడు కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని గురించి రాశాడు. దాదాపు నూరేళ్ల తరువాత జర్మనీ దేశస్థులు కొందరు లోపల కొలతలు వేశారు. ఇప్పటికి 3,229 మీటర్ల పొడవు లెక్కకు వచ్చింది. నీరు సున్నపురాతిని వేల ఏళ్లు తొలిచి చేసిన దారులవి. లోపల ఉక్క బాగా ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారు, మోకాళ్ల నొప్పులవారు లోపలికి పోకపోవడం మంచిది.

కడప పట్టణంలో నేను ప్రత్యేకంగా చూడగోరినది బ్రౌన్ గ్రంథాలయం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కలకత్తాలో ఒక పాదిరిగారి కుమారుడు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చి, అక్కడ బంగళా కొని, తన జీతంలో నుంచి పండితులకు జీతాలిచ్చి, చెదలు తింటున్న తాళపత్రాలను తిరిగి రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశాడు. మన ఇళ్లలో ఇంకా వాడుకలో ఉన్న ఆయన నిఘంటువు సంగతి చెప్పనక్కరలేదు. ఆయన నివసించిన చోటనే ఇప్పుడు గ్రంథాలయం నడుస్తోంది. ఎక్కడి నుంచో వచ్చినవాడు ఈ గడపలో కూర్చొని మన భాషను మనకు దాచిపెట్టాడు. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లడం గండికోటకు తీసుకువెళ్లడం కంటే తక్కువ కాదు.

ఈ విమానం ఎవరి డబ్బుతో ఎగురుతోంది?

మా ఊరు తిరిగి వచ్చిన తరువాత సంఘంలో ఒక రైతు సహోదరుడు నన్ను సూటిగా అడిగాడు: "అయ్యగారూ, ఆ విమానాలు ఎవరి కోసమండీ? పొలాలు పోయింది మావాళ్లవి." అతని బంధువుల పొలం గన్నవరం విస్తరణలో పోయింది. బుద్ధవరం, అజ్జంపూడి, కేసరపల్లి గ్రామాల రైతులు ఇచ్చిన నేల మీదనే ఆ విమానాశ్రయం పెరిగింది. ఈ ప్రశ్నకు నవ్వి ఊరుకోవడం న్యాయం కాదు.

సంగతి ఇది. 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఢిల్లీకి వెళ్లే విమానానికి ప్రధానమంత్రి జెండా ఊపడంతో ఉడాన్ అనే పథకం మొదలైంది. అదే రోజున మొదలైన మార్గాలలో కడప–హైదరాబాదు ఒకటి. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు మించకుండా సగం వరకు సీట్లు అమ్మాలని అప్పటి షరతు. ఆ ధరకు కంపెనీకి గిట్టదు గనుక తేడాను ప్రభుత్వం మూడేళ్లు భరించేటట్లు ఏర్పాటు చేశారు. అందులో పెద్ద భాగం పెద్ద మార్గాలలో ఎగిరే విమానాల మీద వేసిన రుసుము నుంచి వస్తుంది, కొంత వాటా రాష్ట్రం ఇస్తుంది. అనగా ఢిల్లీ–బొంబాయి ప్రయాణికుడు కడప ప్రయాణికునికి కొంత చెల్లిస్తున్నాడన్నమాట. ఇందులో తప్పు లేదు. పట్టణం పల్లెకు ఇచ్చేది ఎప్పుడూ తక్కువే.

కాని ఫలితం ఎలా ఉంది? 2023లో కాగ్ నివేదిక చెప్పిన లెక్కలు చూడండి. మంజూరైన 774 మార్గాలలో 403 మార్గాలు అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తి చేసినవి 112. ఆ సాయం ఆగిన తరువాత కూడా 2023 మార్చి నాటికి నిలబడి ఉన్నవి 54 మాత్రమే. కడప–హైదరాబాదు మార్గాన్ని మొదట నడిపిన చిన్న సంస్థ విమానాలు 2022లో ఆగిపోయాయి. ఆ తరువాత మరో సంస్థ వచ్చింది. చిన్న విమానాశ్రయాల కథ ఇలాగే ఉంటుంది. 1981లో ఈ చిన్న ఊళ్ల కోసమే వాయుదూత్ అనే సంస్థను ప్రభుత్వమే పెట్టింది. అది తరువాతి పదేళ్లలో పెరిగి, నష్టాలలో మునిగి, కనుమరుగైంది. అదే 1981లో వరంగల్లు దగ్గర మామునూరు విమానాశ్రయం మూతబడింది. దానిని తిరిగి తెరవడానికి కేంద్రం 2025లో అనుమతి ఇచ్చింది. అక్కడ కూడా పొలాలు ఇవ్వవలసినది రైతులే.

కాబట్టి ఆ సహోదరునికి నేను చెప్పిన జవాబు ఇది. నేల ఇచ్చినవానికి తగిన ధర, చెప్పిన వేళకు, చెప్పినట్లు అందాలి. అది అందకుండా ఎగిరే విమానంలో కూర్చున్నవానికి సుఖం ఉండరాదు. ఆ నేల ఇచ్చిన తరువాత అక్కడ దిగే విమానం నిండాలి. ఏడాదికి నాలుగు సార్లు నాయకులు దిగడానికి మాత్రమే ఆ రన్‌వే ఉంటే అది రెండవ అన్యాయం. మా అమ్మ వంటి వారు, వైద్యానికి వెళ్లేవారు, చదువుకు వెళ్లే పిల్లలు ఎక్కినప్పుడే ఆ నేలకు విలువ. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "చూద్దాం లెండి, మా అమ్మను కూడా ఎక్కిస్తా" అన్నాడు. అది ఒప్పుకోవడమో ఎత్తిపొడవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇతర దేశాలలో

ఇది మన దేశపు సమస్యే కాదు. స్కాట్లాండు పడమటి తీరాన బారా అనే దీవి ఉంది. అక్కడ రన్‌వే అంటే సముద్రపు ఇసుకే. పోటు వచ్చినప్పుడు నీళ్లలో మునిగిపోతుంది. అందుచేత విమానాల వేళలను సముద్రం నిర్ణయిస్తుంది. గ్లాస్గో నుంచి ఆ చిన్న విమానంలో దిగడానికే సెలవుల్లో ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దానికి ఉత్తరాన ఆర్క్నీ దీవులలో వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకు విమాన దూరం మూడు కిలోమీటర్లు కూడా లేదు. గాలి అనుకూలిస్తే రెండు నిమిషాలు పట్టదు. యాత్రికులకు అది వింత. దీవిలోని రోగికి, ఉపాధ్యాయునికి అది పడవకు బదులు.

మన పొరుగున నేపాలులో లుక్లా ఉంది. రన్‌వే 527 మీటర్లు, ఒక చివర కొండ, ఒక చివర లోయ. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1964లో షెర్పాల చేత దానిని కట్టించాడు. ఆయన కట్టించినది యాత్రికుల కోసం కాదు, ఆ కొండలలో పాఠశాలలు, ఆసుపత్రి కట్టడానికి సామాను చేర్చుకోవడానికి. యాత్రికులు తరువాత వచ్చారు. ఈ వరుసను మనం గుర్తుంచుకోవాలి. ఊరివారికి పనికివచ్చే విమానాశ్రయం యాత్రికులకు కూడా పనికివస్తుంది.

మొదటిసారి వెళ్లేవారికి

మీలో ఎవరైనా ఇటువంటి ప్రయాణం తలపెడితే ఈ సంగతులు గమనించండి. చిన్న ఊరికి విమానం రోజుకు ఒకటో రెండో ఉంటుంది, కొన్నిచోట్ల వారానికి కొన్ని రోజులే. వాతావరణం బాగులేక అది రద్దయితే ఆ రోజుకు వేరే దారి లేదు. కనుక పెళ్లికైనా, ఆపరేషనుకైనా ఒక రోజు ముందుగా బయలుదేరండి. టికెట్టు ఎంత ముందుగా తీసుకుంటే అంత చవక. పండుగ దగ్గరపడితే ధర రెండింతలవుతుంది. టికెట్టులో ఉన్న పేరు, ఆధార్ కార్డులో ఉన్న పేరు ఒకటిగా ఉండాలి. మన ఇళ్లలో బాప్తిస్మపు పేరు ఒకటి, రేషను కార్డు పేరు ఒకటి ఉంటుంది గనుక ఇది ముందే చూసుకోండి. బయలుదేరడానికి గంట ముందే కౌంటరు మూసివేస్తారు. చేతిసంచి ఏడు కిలోలు, మిగిలిన సామాను పదిహేను కిలోల దాకా సాధారణంగా అనుమతిస్తారు. ఊరగాయను చేతిసంచిలో పెట్టవద్దు. గట్టిగా కట్టి పెద్ద సామానులో వేయండి. నడవలేనివారికి వీల్‌చెయిర్ కావాలని టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పండి. సిగ్గుపడనక్కరలేదు.

డబ్బు తక్కువగా ఉన్నవారు మేము చేసినట్లు చేయవచ్చు. కాళ్లు బాగున్నవారు రైలులో, బాగులేనివారు ఒక తోడుతో విమానంలో. మా అబ్బాయి స్లీపరు టికెట్టుకు అయినది విమానం టికెట్టులో ఏడో వంతు. రాత్రంతా పై బెర్తులో హాయిగా నిద్రపోయి, తెల్లవారి కడపలో దిగి, మాకంటే ముందే పిన్ని ఇంట్లో ఉగ్గాని తిని కూర్చున్నాడు. సెలవు అతనిదీ తక్కువేమీ కాలేదు. విమానం గొప్ప కోసం కాదు. ఎవరికి అవసరమో వారికి.

పిన్ని ఇప్పుడు తాను కృష్ణ ఒడ్డుకు రావాలని ఆశపడుతోంది. ఆమెకూ డెబ్బై దాటాయి. ఫోనులో అమ్మ అడిగే మాట మారింది. "పైన చూసుకుందాం" అనడం మానేసి, "ఆ విమానం ఇంకా నడుస్తోందటనా?" అని అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు మా చేతిలో లేదు. ఎక్కేవారి సంఖ్యలో ఉంది, ప్రభుత్వం నిలబెట్టుకునే మాటలో ఉంది, నేల ఇచ్చిన రైతు మనసులో ఉంది. మీ జిల్లాలో ఇటువంటి చిన్న విమానాశ్రయం ఉంటే, ఇంట్లో దూరాన తోబుట్టువు ఉన్న ముసలివారు ఉంటే, ఈ సెలవుల్లో ఒకసారి టికెట్టు ధర అడిగి చూడండి.